దవడ కీలు జరిగితే ట్రైజెమినల్ నరం నొప్పి వస్తుందా?

దంతశ్రీ: బుగ్గలో కరెంటు షాక్ లాంటి నొప్పి, నోరు తెరిస్తే చెవి ముందు టక్‌మనే శబ్దం. ఇలాంటివాళ్లని నేరుగా న్యూరాలజీకి పంపడం తప్పంటాను. కీలుకి స్పర్శనిచ్చే ఆరిక్యులోటెంపొరల్ నరం మొహానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం మూడో కొమ్మలోదే. కీలు వెనక్కి జరిగితే అది నలుగుతుంది. ముందు బైట్ (పైపళ్లు, కిందిపళ్లు కలిసే తీరు) సరిచేయాలి.

నాడికిరణ్: నరం నలుగుతుందన్న వాదన 1934లో కోస్టెన్ అనే అమెరికన్ చెవి-ముక్కు-గొంతు డాక్టర్ చేసింది. అనాటమీ వాళ్లు తర్వాత దాన్ని కొట్టేశారు. ట్రైజెమినల్ న్యూరాల్జియాలో, అంటే ఈ నరం షాక్ నొప్పిలో, ఎక్కువమందికి నరం మీద రక్తనాళం ఒత్తేది మెదడు కాండం దగ్గర, దవడ దగ్గర కాదు. షాక్ క్షణం నుంచి 2 నిమిషాల్లోపు. మొహం కడిగినా, గాలి తగిలినా కొడుతుంది. కీలు నొప్పి మొద్దుగా గంటలకొద్దీ ఉంటుంది, నమిలితే పెరుగుతుంది.

దంతశ్రీ: నమిలితే న్యూరాల్జియా కూడా కొడుతుంది కదండీ!

ఫిజియోరమ: వేలితో చూస్తే సగం తేలిపోతుంది. బుగ్గ కండరం, కణత మీద 1 కిలో, కీలు మీద అర కిలో ఒత్తిడితో 2 సెకన్లు నొక్కండి. "నాకొచ్చే నొప్పి ఇదే" అంటే కీలు, కండరాల వైపు చూడాలి. ముందుపళ్ల మధ్య 40 మి.మీ. తెరుచుకోకపోయినా అంతే. ఉత్త టక్ శబ్దాన్ని పట్టించుకోవద్దు, నొప్పి లేనివాళ్లకీ వస్తుంది.

విశ్వం: రెండూ ఉండకూడదా?

నాడికిరణ్: ఉంటాయి. షాక్ భయంతో దవడ బిగబట్టి కండరాలు పట్టేస్తాయి. మూర్ఛకి కూడా వాడే కార్బమజెపైన్ మాత్ర 100 మి.గ్రా. రోజుకి రెండుసార్లు మొదలుపెట్టి మెల్లగా పెంచితే షాక్‌లు తగ్గుతాయి, మొద్దు నొప్పి మిగులుతుంది.

దంతశ్రీ: మాత్రకి తగ్గితే నరం, తగ్గకపోతే మా కేసు, అంతేనా? రక్తంలో సోడియం పడిపోతే? ఒళ్లంతా దద్దుర్లొస్తే? నెలలు మింగించి ఆఖర్న మా కుర్చీలోకి పంపుతారు!

నాడికిరణ్: మాత్ర పనిచేయడం ఒక్కటే రుజువని నేననలేదు. ఎమ్మారై తీయాలి, సోడియం చూడాలి, దద్దురు కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కి చూపించి ఆపాలి. మాత్ర ఆపొచ్చు మేడమ్. అరగదీసిన పన్ను తిరిగొస్తుందా? ఎక్స్‌రేలో ఏమీ లేని పన్నుకి రూట్ కెనాల్, తగ్గలేదని పీకడం, ఆపైన పక్క పన్ను. నా కోపమంతా దాని మీదే.

దంతశ్రీ: పన్ను అరగదీయమని నేనెక్కడన్నాను?

నాడికిరణ్: "బైట్ సరిచేయాలి" అన్నారు పైన.

దంతశ్రీ: పళ్లకి తొడిగే గట్టి అక్రిలిక్ స్ప్లింట్ గురించి అన్నాను. రాత్రిపూట పెట్టుకునేది, కింది పళ్లన్నీ సమంగా ఆనేలా చేసేది. వద్దనుకుంటే తీసేయొచ్చు. పీకడం విషయంలో మీతో గొడవే లేదు.

ఫిజియోరమ: స్ప్లింట్ అంచు చిగురుకి తగిలి షాక్ కొడుతుంటే పెట్టొద్దు, ముందు మందుతో దాన్ని అదుపు చేయాలి. బుగ్గ మొద్దుబారినా, రెండువైపులా షాక్‌లున్నా ఎమ్మారై అసలు వాయిదా వేయకండి.