మడగాస్కర్‌కి కొత్తగా వస్తున్నాను, అక్కడి పద్ధతులు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. సివిల్ ఇంజనీర్‌ని. రోడ్డు పని మీద జనవరి రెండో వారంలో రాజధాని అంటనానరివో వస్తున్నాను. మొదటి నెల అక్కడే, ఆ తర్వాత తూర్పు తీరం వైపు సైటులో రెండేళ్లు ఉండాలి. ఇంతకుముందు అక్కడ పనిచేసి వచ్చిన ఒకాయన "అక్కడ అడుగడుక్కీ ఏదో ఒక పట్టింపు ఉంటుంది, చూసుకుని మసులుకో" అన్నారు గానీ వివరంగా చెప్పలేదు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. ఫ్రెంచి రాదు. ఏం తెచ్చుకోవాలి, ఏం చేయకూడదు, తిండి ఎలా ఉంటుంది? తోచింది చెప్పండి.

అంటనానరివో నుంచి జవాబు

తమ్ముడూ, రా. సామాన్ల లిస్టు మిగతావాళ్లు చెబుతారు. నేను ఫాది గురించే చెబుతాను, ఎందుకంటే నువ్వు చేసేది మట్టి తవ్వే పని. ఇక్కడ మట్టికి సొంతదారులు బతికున్నవాళ్లు మాత్రమే కాదు.

మన ఇళ్లలో పెద్దవాళ్లు "అలా చేయకూడదు, కీడు" అంటారే, అలాంటిదే ఫాది. కాకపోతే ఇక్కడ ఊరికో ఫాది, వంశానికో ఫాది. ఒక చెరువు దగ్గరికి పంది మాంసం పట్టుకెళ్లకూడదు. ఒక చెట్టు కొమ్మ విరవకూడదు. కొన్ని ఊళ్లలో మంగళవారం, ఇంకొన్ని ఊళ్లలో గురువారం వరిపొలంలో పని చేయరు. ఇవన్నీ పెట్టింది రాజన, అంటే గతించిన పెద్దలు. వాళ్లు ఎక్కడికో పోయారని ఇక్కడివాళ్లు అనుకోరు. ఆ కొండ మీదే ఉన్నారు, చూస్తున్నారు, పంట పండినా ఎండినా వాళ్లకి అందులో పాత్ర ఉంది అనుకుంటారు.

నేను వచ్చిన మొదటి ఏడు సర్వేకి వెళ్లినప్పుడు ఒక గుట్ట మీద రాతి సమాధి కనిపించింది. మా లైను దానికి దగ్గరగా పోతోంది. నేను చూపుడువేలు చాపి "అదెవరిది?" అని అడిగాను. కూలీలంతా ఒక్కసారిగా మాటలు ఆపేశారు. మాతో వచ్చిన ముసలాయన నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, ఆ వేలిని మెల్లగా లోపలికి మడిచాడు. జీవితమంతా అంగాది పట్టి కాయలు కాసిన చేతులు ఆయనవి. అంగాది అంటే పొడుగు కర్ర ఉన్న సన్నటి పార, వాళ్ల పొలం పనంతా దానితోనే. నా పిడికిలిని అలాగే పట్టుకుని సమాధి వైపు తిప్పి, అప్పుడు చెప్పాడు, అది వాళ్ల తాతలదని. కోప్పడలేదు. చిన్నపిల్లాడికి అన్నం కలపడం నేర్పినట్టు నేర్పాడు. సమాధిని వేలెత్తి చూపించకూడదు, వేలు మడిచి చూపించాలి. ఇంతకాలమైనా ఆ వేళ్ల గరుకు నాకు గుర్తే.

అందుకే ఏ ఊళ్లో దిగినా ముందు పెద్దమనిషిని కలిసి "ఇక్కడ ఫాది ఏమిటి?" అని అడుగు. ఫ్రెంచి రాకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్క ప్రశ్న వాళ్ల భాషలో నేర్చుకో. అడిగినందుకే నిన్ను మనిషిగా లెక్కేస్తారు. రెండో మాట "అజాఫాది". క్షమించండి అనడానికీ, కాస్త దారివ్వండి అనడానికీ ఇదే. ఆ మాటలోనే ఫాది ఉంది చూడు, "తప్పు తగలకుండుగాక" అన్నట్టు. మూడోది "మిసౌట్ర", థాంక్స్ అని.

మనకి ఇక్కడ తేలిగ్గా అర్థమయ్యేవీ చాలా ఉన్నాయి. ఈ ఎత్తు ప్రాంతంలో పాత ఇళ్లకి తలుపు పడమటికి ఉంటుంది, ఈశాన్య మూల పెద్దలది. మా అమ్మ వచ్చినప్పుడు ఒక పల్లెటూరి ఇంట్లో ఆ మూల చూసి "వీళ్లకి వాస్తు ఎవరు చెప్పారు?" అని అడిగింది. పెళ్లికీ, ఇల్లు కట్టడానికీ, సమాధి తెరవడానికీ పనాండ్రు దగ్గరికెళ్లి రోజు పెట్టించుకుంటారు. మన సిద్ధాంతి గారి లాంటివాడే. పెద్దలు ఆశీర్వదించేటప్పుడు మనం అక్షింతలు వేసినట్టు వాళ్లు నీళ్లు చిలకరిస్తారు.

ఫమదీహాన అనే వేడుక గురించి వినే ఉంటావు. చలికాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, సమాధి తెరిచి పెద్దల అస్థికలకి కొత్త పట్టు గుడ్డ చుడతారు. బ్యాండు మేళం ఉంటుంది, బంధువులంతా వాళ్లని భుజాల మీద ఎత్తుకుని ఆడతారు. అన్ని ప్రాంతాల్లో లేదు, ముఖ్యంగా ఈ నడిమి కొండల్లోని మెరీనా, బెట్సిలెయో అనే తెగల వాళ్లది. నిన్ను పిలిస్తే తప్పకుండా వెళ్లు, కవరులో కొంత డబ్బు పెట్టి ఇవ్వు, అడగకుండా ఫోటో తీయకు. మొదటిసారి నాకూ ఒళ్లు జలదరించింది. తర్వాత ఒకావిడ వాళ్ల నాన్నని ఒళ్లో పెట్టుకుని, ఆ ఏడు ఇంట్లో జరిగినవన్నీ ఒక్కొక్కటిగా చెప్పడం చూశాను. మా నాన్న తద్దినం రోజున నేను విస్తరి ముందు కూర్చుని ఆ మాటలే చెప్పుకోవాలనుకుని ఎప్పుడూ చెప్పుకోలేకపోయాను.

టొమాసినా నుంచి జవాబు

బాబూ, అన్నయ్యగారు చెప్పాల్సినవి చెప్పారు. నేను వానా, అన్నం గురించి చెబుతాను.

నువ్వు వచ్చేది సరిగ్గా తుఫానుల కాలంలో. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉంటాయి, జనవరి, ఫిబ్రవరి, మార్చి గట్టివి. 2022 ఫిబ్రవరి 5న బత్సిరాయి తుఫాను ఈ తూర్పు తీరంలోనే ఉన్న మనంజారి దగ్గర తీరం దాటింది. కాకినాడ వాడివి, తుఫానంటే నీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో, టార్చి, పవర్ బ్యాంకు, నాలుగు రోజులకి సరిపడా ఎండు తిండి దగ్గర ఉంచుకో. కరెంటు కోతలు మామూలు రోజుల్లోనూ ఉంటాయి. ఈ తీరంలో పల్లెల్లో ఇళ్లు రవినాల చెట్టుతో కడతారు. విసనకర్రలా ఆకులు విచ్చుకుని ఉంటుందే, ఆ చెట్టు. ఆకు కప్పుకి, ఆకుకాడలు గోడలకి. గాలికి ఎగిరిపోతే మళ్లీ అదే చెట్టుతో కట్టుకుంటారు. తుఫాను మర్నాడు ఊరంతా కలిసి ముందు ముసలివాళ్ల ఇళ్లు లేపడం నేను కళ్లారా చూశాను. ఆ కలిసిపోయే గుణాన్ని ఫిహవనన అంటారు.

అన్నానికి దిగులు పడకు, అమ్మగారికి కూడా చెప్పు. వీళ్లు మూడు పూటలా అన్నమే తింటారు. భోజనం చేశావా అనడానికి "అన్నం తిన్నావా" అనే అడుగుతారు. సంతలో బియ్యం కపువాకతో కొలుస్తారు, అది పాల డబ్బా. మూడున్నర డబ్బాలు కేజీ. మా అమ్మమ్మ సోల, తవ్వ గుర్తొచ్చాయి నాకు. వండిన గిన్నెలో అడుగంటిన మాడులో నీళ్లు పోసి మరిగించి తాగుతారు, రనువూల అని. మొదట వద్దనుకున్నాను, ఇప్పుడు అది లేకపోతే భోజనం ముగిసినట్టు ఉండదు. పొద్దున్నే రోడ్డు పక్కన బొగ్గుల కుంపటి మీద గుంతల పెనంతో మూఫు గాసి పోస్తుంటారు. పులిసిన బియ్యప్పిండి, కాస్త తీపి. అచ్చం మన గుంతపొంగణాలే. వాసన చూసి నేను బస్సు దిగేశాను ఒకసారి.

పప్పులు, మసాలాలు గుజరాతీ మూలాలున్న వాళ్ల దుకాణాల్లో దొరుకుతాయి. వాళ్లు 19వ శతాబ్దం నుంచీ ఇక్కడ ఉన్నారు, కరానా అంటారు, నిన్నూ అలాగే అనుకుంటారు. నువ్వు ఆవకాయ, ఇంగువ, ఒక చిన్న కుక్కరు తెచ్చుకో చాలు.

ఇంకొకటి. మన ఇంటి ముందు బిళ్ళగన్నేరు, వీధి చివర ఎర్రగా పూసే తురాయి, రెండూ పుట్టింది ఈ దేశంలోనే. ఇల్లు గుర్తొచ్చినప్పుడు వాటిని చూడు.

అంట్సిరాబే నుంచి జవాబు

చిన్న మాటలు కొన్ని. పల్లెల్లో ధర చెబితే అది ఇప్పటి డబ్బు అరియారీయా, పాత ఫ్రాంకా అని అడగండి. 2005లో ఫ్రాంకు పోయింది గానీ పెద్దవాళ్లు ఇంకా అందులోనే చెబుతారు. ఐదు ఫ్రాంకులు ఒక అరియారీ. పదివేలన్నాడని కంగారు పడకండి, రెండువేలే కావచ్చు.

నేను వరి మీద పనిచేస్తాను. మన శ్రీ వరి సాగు పద్ధతి ఇక్కడి నుంచే వచ్చింది. ఆన్రీ ద లొలానియే అనే ఫ్రెంచి చర్చి ఫాదర్ 1983 ప్రాంతంలో ఈ అంట్సిరాబే దగ్గరే లేత నారు, కుదురుకి ఒక్క మొక్క చొప్పున నాటి చూశారు. అది 2003 ఖరీఫ్‌కి మన ఆంధ్రాకి చేరింది. ఇక్కడ రైతుకి ఆ సంగతి చెబితే చాలా సంతోషపడతాడు.

మీ సైటు అడవి దగ్గరైతే పోడు చూస్తారు. ఇక్కడ తావి అంటారు. కాల్చి, కొన్నేళ్లు పండించి, ఇంకో చోటికి పోతారు. తెలియనివాళ్లు చేసే పని అని తీసిపారేయకండి. పోడు భూమి తాతలిచ్చింది వాళ్లకి. పైగా పల్లంలో పొలం లేనివాడికి మరో దారి లేదు. అలాగని అడవి మిగులుతోందా అంటే లేదు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ అడవిని ఇంతకాలం కొంతైనా కాచింది కూడా ఫాదియే. తూర్పు అడవుల్లో అందసిబే వైపు పొద్దున్నే ఇంద్రి అనే లీమరు (కోతిలాంటి జంతువు) అరుపు వినిపిస్తుంది, సైరన్‌లా, కిలోమీటర్ల దూరం. తమ పూర్వీకులకి దానితో చుట్టరికం ఉందని కథలు చెబుతారు, చంపడం ఫాది. ఆకలి పెరిగిన చోట ఆ పట్టు సడలుతోంది. మీ కూలీల్లో ఎవరైనా అడవి జంతువు మాంసం తెస్తే కొనకండి.

కాకినాడ నుంచి

అందరికీ చాలా థాంక్స్. అమ్మకి పొంగణాల సంగతి చదివి వినిపించాను, మొదటిసారి నవ్వింది. ఒక్క డౌటు. పని మొదలుపెట్టే ముందు మనం భూమిపూజ చేస్తాం కదా, అక్కడ అలాంటిది ఉందా? ఖర్చు కంపెనీ ఒప్పుకుంటుందా?

అంటనానరివో నుంచి

ఉంది, చేయించాల్సిందే. తూర్పు తీరంలో వంశానికి పెద్దని తంగలమేన అంటారు. ముందు ఆయన దగ్గరికి వెళ్లి, ఫలానా చోట తవ్వాలి అని చెప్పి అనుమతి అడగాలి. ఆయన పెద్దలతో మాట్లాడతాడు, రమ్ము నేల మీద పోస్తాడు. పని పెద్దదైతే బలికి ఎద్దుని ఇమ్మని అడగవచ్చు. మూపురం ఉన్న ఎద్దులు, మన ఒంగోలు గిత్తల్లాంటివే. నువ్వు మాంసం తినకపోయినా అక్కడ నిలబడి ఉండు, మధ్యలో లేచి వెళ్లకు. ఖర్చుని ఎస్టిమేట్‌లో మొదట్లోనే చూపించు, తర్వాత అడిగితే రాదు. ఈ పని చేయకుండా మొదలుపెట్టిన ఒక సైటులో మూడు వారాలు ఒక్క కూలీ కూడా రాలేదు, నాకు తెలుసు.

జనవరిలో ఇక్కడ సాయంత్రమైతే వాన పడుతుంది. గొడుగు చేతి సంచిలో పెట్టుకో, సూట్‌కేసులో కాదు. ఫ్లైటు టైము పంపు, ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను.