నాన్నగారికి సాక్షి సమన్లు వచ్చాయి, క్రాస్ (ఎదుటి పక్షం లాయరు వేసే ప్రశ్నలు) ఎలా ఉంటుంది?

నీలికలువ: మూడేళ్ల కిందట మా నాన్నగారు రోడ్డు మీద ఒక ప్రమాదం చూశారు. అప్పట్లో పోలీసులు వచ్చి స్టేట్‌మెంట్ రాసుకున్నారు. ఇప్పుడు కోర్టుకు రమ్మని సమన్లు వచ్చాయి. లాయరు తికమక పెడతాడేమోనని ఆయనకు నిద్ర పట్టడం లేదు. మీలో ఎవరైనా బోనెక్కారా?

పాతకలం: ఎక్కానండీ, దొంగతనం కేసులో. ముందు పీపీ గారు, అంటే ప్రభుత్వ లాయరు, చీఫ్‌లో (తమ సాక్షిని తామే అడిగే మొదటి విడతలో) అడిగారు. జవాబు ఆయనే నోటికి అందించకూడదు. 'ఎర్ర కారు వేగంగా వచ్చింది కదా?' అనకుండా 'ఏం చూశారు?' అనే అడగాలి. పేరు, ఊరు లాంటి వివాదం లేని సంగతులకు ఆ పట్టింపు లేదు. క్రాస్‌లో మాత్రం 'కదా?' ప్రశ్నలు ఎన్నైనా వేయొచ్చు. ఆ తర్వాత ఏదైనా విడమరచాల్సి ఉంటే పీపీ మళ్లీ అడుగుతారు.

గడపదీపం: నన్ను కంగారు పెట్టినవి క్రాస్ చివర్లో వచ్చే సజెషన్లు, అంటే మనం చెప్పింది నిజం కాదని లాయరు మన మొహం మీదే అనే మాటలు. 'మీరు ఆ చోట లేనే లేరు, పోలీసులు చెప్పమన్నట్టు చెబుతున్నారు' అని లాయరు గట్టిగా అనేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది ఆయన తన క్లయింటు తరఫున తప్పక వేయాల్సిన ప్రశ్న అని తర్వాత తెలిసింది. 'నిజం కాదండీ' అంటే చాలు. 'నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు' అని రికార్డులో రాసుకుంటారు. మీ నాన్నగారికి ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంచండి.

నల్లకోటు: ట్రయల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంటు మీద సాక్షి సంతకం ఉండదు, ఉండకూడదు కూడా. అది సాక్ష్యం కాదు. అప్పుడు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ తేడా ఉంటే చూపించడానికే ప్రధానంగా దాన్ని వాడతారు. ముఖ్యమైన సంగతి అప్పుడు వదిలేసినా తేడా కిందికి రావచ్చు. అందుకని 'ఇది పోలీసులకు చెప్పారా?' అంటే గుర్తున్నదే చెప్పాలి. గుర్తులేకపోతే 'గుర్తులేదు' అనాలి. చూడనిది 'చూడలేదు'. ఈ రెండింటినీ కలిపేసి ఇబ్బందిపడిన సాక్షులను ఎందరినో చూశాను, మనసుకు కష్టంగా ఉంటుంది.

2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అనే కొత్త సాక్ష్య చట్టం వచ్చింది. అప్పటికే నడుస్తున్న కేసులకు 1872 నాటి చట్టమే. ప్రశ్నల పద్ధతి రెండింట్లోనూ దాదాపు ఒకటే.

నీలికలువ: అవమానించేలా అడిగితే?

నల్లకోటు: అవమానించడానికో, విసిగించడానికో అడిగిన ప్రశ్నను జడ్జి గారు ఆపాలి, చట్టమే చెబుతోంది. నాన్నగారు లాయరుతో వాదనకు దిగొద్దు, జడ్జి గారి వైపు తిరిగి చెప్పమనండి.

పాతకలం: చీటీ తీసుకెళ్లొచ్చా అని చాలామంది అడుగుతారు. ఘటన జరిగిన వెంటనే తానే రాసుకున్న కాగితమైతే చూసి గుర్తుచేసుకోవచ్చు. అవతలి లాయరు అడిగితే దాన్ని చూపించాలి. నిన్న రాత్రి రాసుకున్నది పనికిరాదు.

నీలికలువ: ఈరోజు అయిపోయింది! మొదటిసారి వాయిదా పడింది, రెండోసారి పిలిచారు. 'కారు ఎంత దూరంలో ఉంది, ఇరవై అడుగులా, నలభయ్యా?' అని లాయరు మూడుసార్లు తిప్పి తిప్పి అడిగారట. నాన్నగారు మూడుసార్లూ 'కొలవలేదండీ, ఈ గోడకూ ఆ తలుపుకూ మధ్య ఉన్నంత' అన్నారట. చివర్లో చదివి వినిపించినప్పుడు 'ఎడమ వైపు' అన్నది 'కుడి వైపు' అని పడింది. ఆయన చెప్పగానే జడ్జి గారు సరిచేయించారు. గడపదీపం గారూ, 'నిజం కాదండీ' అని నాలుగుసార్లు చెప్పారట. ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నారు, ఇంకా లేవలేదు.