ఒకే వేఫర్, ఒకే స్ట్రెస్, డ్రిఫ్ట్ మాత్రం ఒక్కోదానికి ఒక్కో రకం

సన్నగేటు: ఎన్‌బీటీఐ (గేటుపై నెగటివ్ వోల్టేజీ, వేడి కలిసి ట్రాన్సిస్టర్‌ను అరగదీయడం) కొలవడానికి, ఒకే వేఫర్‌పై (చిప్పులు తయారయ్యే సిలికాన్ పళ్లెం) పక్కపక్కనే ఉన్న 40 చిన్న పీమాస్ ట్రాన్సిస్టర్లను 125 డిగ్రీల వద్ద 1,000 సెకన్లు స్ట్రెస్ చేశాను. త్రెషోల్డ్ (ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజీ) సగటున 30 మిల్లీవోల్టులు జరిగింది, సిగ్మా (చెదురు కొలత) 15. ఒకటి 12 దగ్గరే ఆగింది, ఇంకొకటి 60 దాటింది. గాసియన్ (గంట ఆకారపు) వక్రం గీస్తే పైతోక, అంటే బాగా ఎక్కువ జరిగిన డివైస్‌లు, అందడం లేదు. ఎన్ని డివైస్‌లు కొలవాలి? ఎస్‌ర్యామ్ (చిప్పులోని మెమరీ) సిమ్యులేషన్‌లోకి దీన్ని ఎలా తీసుకెళ్లాలి?

ప్రోబుసూది: స్ట్రెస్ తీసేశాక ఎంతసేపటికి కొలిచారు? రికవరీ (జరిగిన త్రెషోల్డ్ వెనక్కి రావడం) మైక్రోసెకన్లలోనే మొదలవుతుంది. మీటరు రేంజి మారినప్పుడల్లా లోపల రిలే టిక్కుమంటుంది. ఆ టిక్కు ఒక డివైస్‌కు ఒకసారి, ఇంకోదానికి మూడుసార్లు. ఆ ఆలస్యాన్నే వేరియబిలిటీ అనుకుని ఆరు నెలల డేటా పారేసుకున్నాను.

సన్నగేటు: సెకను లోపే కొలిచాను.

ప్రోబుసూది: లోపే అంటే 10 మిల్లీసెకన్లా, 900 మిల్లీసెకన్లా? రెండూ ఒకటి కాదు.

పాతకాపు: 18 ఏళ్లుగా రిలయబిలిటీ పనిలోనే ఉన్నాను. 1977లో జెప్సన్, స్వెన్సన్ వేసిన రియాక్షన్-డిఫ్యూజన్ దారి (సిలికాన్, ఆక్సైడ్ కలిసే ఇంటర్‌ఫేస్‌లో బంధాలు తెగి, విడిపోయిన హైడ్రోజన్ దూరంగా పాకడమే అరుగుదల అనే మోడల్) ఉండగా ఈ గందరగోళం ఎందుకు? హైడ్రోజన్ మాలిక్యూల్‌తో సవరిస్తే జరుగుడు కాలానికి 1/6 ఘాతంగా పెరుగుతుందని వస్తుంది. నేను పంపిన చిప్పు ఒక్కటీ వెనక్కి రాలేదు.

ట్రాప్‌లెక్క: అది సగటుకు సరిపోతుందేమో, ఆయన అడిగింది చెదురు గురించి. చిన్న డివైస్‌లో రికవరీ నున్నగా సాగదు, మెట్లుమెట్లుగా దిగుతుంది. ఒక్కో మెట్టు ఒక్కో ట్రాప్ (ఆక్సైడ్‌లో చార్జ్‌ను పట్టుకునే లోపం) ఖాళీ కావడం. నా కళ్లతో చూశాను. అనుభవం చూపించి దాన్ని కాదనలేరు.

పాతకాపు: మెట్లు లేవని నేనెప్పుడు అన్నాను? ఇంటర్‌ఫేస్ దగ్గర కొత్తగా పుట్టే లోపాలూ ఉన్నాయి అంటున్నాను. ఐఐటీ బొంబాయిలో సౌవిక్ మహాపాత్ర బృందం రెండింటినీ కలిపే మోడల్ చేసింది. చదివి మాట్లాడండి.

ట్రాప్‌లెక్క: చదివే మాట్లాడుతున్నాను. మాట మర్యాద మీరూ పాటించండి.

రింగువరస: మా రింగ్ ఆసిలేటర్లలో (ఇన్వర్టర్లను వలయంగా కలిపిన పరీక్ష సర్క్యూట్లు) ఈ తోక దాదాపు కనబడదు. ఎన్నో ట్రాన్సిస్టర్ల సగటు కదా. ఎదురెదురుగా నిలబడే ఎస్‌ర్యామ్ జతలో ఒక్కటి ఎక్కువ జరిగితే చాలు, సెల్ చదివేటప్పుడే తిరగబడుతుంది.

కొత్తబ్యాచ్: హైదరాబాద్‌లో నేను తిరిగిన శిక్షణ కేంద్రాలన్నీ వెరిఫికేషనే (డిజైన్ సరిగ్గా పనిచేస్తుందో చూడటం) నేర్పుతున్నాయి. ఈ ఫిజిక్స్ ఎక్కడ నేర్చుకోవాలి?

ట్రాప్‌లెక్క: సన్నగేటు గారూ, గాసియన్ వదిలేయండి. ట్రాప్‌ల సంఖ్యకు పాయిసాన్, ఒక్కో ట్రాప్ తెచ్చే జరుగుడుకు ఎక్స్‌పొనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్ పెట్టండి. అప్పుడు వేరియన్స్ (సిగ్మా వర్గం) అంటే సగటును ఒక్క ట్రాప్ సగటు ప్రభావంతో గుణిస్తే వచ్చే దానికి రెట్టింపు. మీ సిగ్మా 15 వర్గం 225ను, సగటు 30కి రెట్టింపైన 60తో భాగిస్తే 3.75 మిల్లీవోల్టులు, అంటే డివైస్‌కు సగటున 8 ట్రాప్‌లు. గేటు వైశాల్యం తగ్గేకొద్దీ ఆ 3.75 పెరుగుతుంది. మాంటీ కార్లోలో (యాదృచ్ఛిక విలువలతో పదేపదే చేసే సిమ్యులేషన్) ప్రతి ట్రాన్సిస్టర్‌కూ విడిగా ట్రాప్‌లు వేయండి. 40 డివైస్‌లతో సిగ్మాకే పది శాతానికి పైగా తేడా ఉంటుంది, తోక గురించి చెప్పనక్కరలేదు.

ప్రోబుసూది: లెక్క బాగుంది. 225లో మీటరు వాటా ఎంతో తేలకుండా 3.75ను ఎలా నమ్మడం?

సన్నగేటు: లాగ్ తీసి చూశాను. ఆలస్యం 80 నుంచి 700 మిల్లీసెకన్ల దాకా ఉంది. మీటరు రేంజి మారకుండా బిగించేసి, రేపు పక్క డైలో (వేఫర్‌పై పక్క చిప్పు) కొత్త 40తో మొదలుపెడతాను.

ప్రోబుసూది: ముందు స్ట్రెస్ ఇవ్వని డివైస్ ఒకదాన్ని, సూది లేపి దించుతూ పదిసార్లు కొలవండి. ఆ చెదురెంతో ఇక్కడ రాయండి.