‘గుర్తించాం’ అనాలా, ‘పోల్చుకున్నాం’ అనాలా?

బెంగళూరు బొమ్మసంద్ర నుంచి ప్రశ్న: ఉబ్బసానికి వాడే ఓ చూర్ణంలో ఎల్‌సీ-ఎంఎస్ (పదార్థాలను విడదీసి ద్రవ్యరాశి కొలిచే యంత్రం) పాజిటివ్ మోడ్‌లో ద్రవ్యరాశి 181.0720 దగ్గర పీక్ వచ్చింది. తెలిసిన పదార్థాల లైబ్రరీతో పోలిక స్కోరు బాగుంది. తెలుగు నివేదికలో ‘థియోఫిలిన్‌ను గుర్తించాం’ అని రాయొచ్చా అండీ?

పీణ్య నుంచి జవాబు: ఇప్పుడే వద్దండీ. థియోఫిలిన్ ఉబ్బసానికిచ్చే ఇంగ్లీషు మందు, అలా రాస్తే చూర్ణంలో మందు కలిపారని నింద వేసినట్టే. ఆ అంకె చెప్పేది సీ7హెచ్8ఎన్4ఓ2 అనే ఫార్ములా వరకే. థియోబ్రోమిన్, పారాజాంథిన్‌లదీ అదే ఫార్ములా. ఎంత ఖరీదైన యంత్రమైనా ద్రవ్యరాశిని బట్టి వీటిని విడదీయలేదు. అణువును ముక్కలు చేసి చూస్తే థియోబ్రోమిన్ ద్రవ్యరాశిలో 43 పోయి 138 దగ్గర తేలుతుంది, థియోఫిలిన్ 57 పోయి 124 దగ్గర. చిక్కేమిటంటే పారాజాంథిన్ కూడా 124 దగ్గరే తేలుతుంది. అందుకే స్కోరు చూసి మురిసిపోకూడదు. పదార్థం ఏదో ఎంత నమ్మకంగా చెప్పొచ్చో 2014లో షిమాన్‌స్కీ బృందం చెప్పిన ఐదు మెట్లలో (మొదటిదే అన్నిటికన్నా గట్టిది) మీరున్నది మూడో మెట్టు.

ఇక తేల్చాల్సింది పదార్థాలను విడదీసే గొట్టం, అంటే కాలమ్. సీ18 రకం కాలమ్ మీద గ్రేడియెంట్ నిటారుగా పెడితే, అంటే ద్రావణి పాళ్ళు త్వరగా మారిస్తే, థియోఫిలిన్, పారాజాంథిన్ రెండూ ఒకే పీక్‌లో కలిసిపోతాయి. 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం కలిపిన నీటితో మొదలుపెట్టి, మిథనాల్‌ను నెమ్మదిగా పెంచండి. రెండింటి స్టాండర్డులూ (ఏదో తెలిసిన శుద్ధ నమూనాలు) అదే కాలమ్ మీద, అదే రోజు నడపండి. చూర్ణంలోని తక్కిన సరుకు రిటెన్షన్ టైమ్‌ను (కాలమ్ దాటి బయటికొచ్చే సమయాన్ని) జరపగలదు కనుక, నమూనాలోనే కాస్త థియోఫిలిన్ కలిపి మళ్ళీ నడపాలి. పీక్ ఎత్తు పెరిగి ఆకారం చెదరకపోతే అదే పదార్థం. పక్కన భుజం లేస్తే వేరేది.

క్రియల సంగతి: ద్రవ్యరాశి మాత్రమే ఉంటే ‘ఆనవాలు దొరికింది’, లైబ్రరీతో సరిపోతే ‘పోల్చుకున్నాం’, స్టాండర్డుతో కూడా కుదిరితేనే ‘నిర్ధారించాం’. ‘గుర్తించాం’ మూడింటికీ సరిపోతుంది, అదే దాని లోపం.

బొమ్మసంద్ర: పోల్చడమంటే సరిచూడటం కదండీ?

పీణ్య: ‘పోల్చాం’ అంటే మీరన్నదే. ‘చీకట్లో నిన్ను పోల్చుకోలేకపోయాను’ అన్నప్పుడు? ‘కొను’ చేరగానే ఆనవాలు పట్టడమవుతుంది.

మల్లేశ్వరం నుంచి ఒకరు: ఇక్కడి కన్నడ పేపర్లు దేనికైనా ‘పత్తె’ అనేస్తాయి, దొంగకైనా విషానికైనా! మనవాళ్ళూ ‘పత్తా’ అంటారుగా.

పీణ్య: మాటల్లో సరే, నివేదికలో వద్దు. మీ ముక్క 124 దగ్గర తేలి ఉంటే, ప్రస్తుతానికి ఇలా రాయండి: ‘థియోఫిలిన్‌గా గానీ పారాజాంథిన్‌గా గానీ పోల్చుకున్నాం, స్టాండర్డుతో నిర్ధారించాల్సి ఉంది.’