అప్‌డేట్: వేపరైజర్‌లో ఆవిరి ఎందుకు రాలేదో తెలిసింది

జలుబు చేసిందని కొన్న వేపరైజర్‌ని మొదటిసారి ఆన్ చేస్తే పావుగంటైనా ఆవిరి రాలేదు, పాడైందా అని మొన్న అడిగాను కదా. పాడవలేదు! నేను పోసింది ఆర్‌ఓ నీళ్లు. నాది లోపల రెండు ఎలక్ట్రోడ్లు ఉండే రకం, అందులో కరెంటు నీళ్లలోంచే వెళ్లి వాటిని వేడి చేస్తుంది, లవణాలు బాగా తగ్గిపోయిన నీళ్లయితే కరెంటు సరిగ్గా పారదు. మీలో ఒకరు చెప్పినట్టు ప్లగ్ తీసేసి చిటికెడు ఉప్పు కలిపి మళ్లీ పెడితే కాసేపటికే ఆవిరి మొదలైంది. ఉప్పు ఎక్కువైతే వేడినీళ్లు బయటికి చిమ్ముతాయి, జాగ్రత్త. ప్లగ్ తీయకుండా మూత మాత్రం అస్సలు తెరవకండి, కరెంటు ఉండేది ఆ నీళ్లలోనే.

మొదట ముఖం మరీ దగ్గర పెట్టేసరికి చెంప చుర్రుమంది, ఇప్పుడు కాస్త దూరంగా ఉండి ఐదారు నిమిషాలు ఆవిరి పడుతున్నాను. ఆవిరి వైరస్‌ని చంపదు కాబట్టి జలుబు పోయిందని చెప్పను, కానీ ముక్కు దిబ్బడ తగ్గి రాత్రి హాయిగా నిద్రపట్టింది. పిల్లలకి పట్టొచ్చా అని అడిగారు, మరిగే నీళ్లు ఒలికితే ఒళ్లు కాలుతుంది, నేనైతే పట్టను. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.