అరువా, ఎరువా? పాత పాట నుంచి తెచ్చుకున్న పల్లవికి ఏ మాట వాడాలి?

ఒక పాట మీది వ్యాసంలో "జానపద గీతం నుంచి ఎరువు తెచ్చుకున్న పల్లవి" అని రాశాను. ప్రూఫులు దిద్దినవారు దాన్ని "అరువు" చేశారు. ఎరువు అంటే పాఠకుడికి పొలంలో చల్లేది గుర్తొస్తుందట. కాదనలేను. అయినా వాడుకుని తిరిగి ఇచ్చేదాన్నీ ఎరువే అంటారు, "ఎరువుల సొమ్ము బరువుల చేటు" అన్న సామెత నన్ను వదలడం లేదు. అప్పు తెచ్చిన డబ్బుకు అవే నోట్లు తిరిగి ఇవ్వనక్కర్లేదు. ఎరువు తెచ్చిన నగ మాత్రం ఆ నగగానే వెనక్కి వెళ్లాలి, కరిగించడానికి వీల్లేదు. మరి పల్లవి ఒక్కటే ఉంచుకుని, వరస మార్చి, చరణాలు కొత్తగా అల్లుకున్నవాడు చేసింది ఏమిటి?

*

'ఎరవు' అని రాయండి, అదీ నిఘంటువుల్లో ఉన్న రూపమే. పొలం గొడవ ఉండదు.

నగ పోలిక మాత్రం నిలవదండీ. నగ తెచ్చుకుంటే అవతలివారి మెడ బోసిపోతుంది. పాట తెచ్చుకుంటే పాట అక్కడే ఉంటుంది, పోయేది పేరు. సంస్కృత ఆలంకారికుడు రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ వ్యవహారానికి 'హరణం', అంటే ఎత్తుకుపోవడం, అనే పేరు పెట్టి, అధ్యాయాలకు అధ్యాయాలు చర్చించాడు. "నాస్త్యచౌరః కవిజనః", దొంగ కాని కవి లేడు అన్న ముక్క అందరూ వల్లిస్తారు. శ్లోకం అక్కడితో ఆగదు. దాచడం తెలిసినవాడు నింద పడకుండా సుఖంగా ఉంటాడు అంటుంది. వెక్కిరింపో, సలహానో మీరే తేల్చుకోండి.

*

మీ ఇద్దరి మధ్యలో నా మాట ఒకటి. ఆ శ్లోకం నాకు సలహాలాగే వినిపిస్తుంది, అందుకే నచ్చదు. ధ్వన్యాలోకం రాసిన ఆనందవర్ధనుడు నయం. ఒక కావ్యం ఇంకో కావ్యాన్ని పోలడం మూడు రకాలన్నాడు: అద్దంలో ప్రతిబింబంలా, చిత్తరువులా, ఒకే పోలికలున్న ఇద్దరు మనుషుల్లా. మొదటి రెండూ కవికి కూడవు. మూడోదానికి తనదైన ప్రాణం ఉంది కాబట్టి తప్పులేదు.

కానీ పేరడీని ఈ మూడింటిలో ఎక్కడ పెడతారు? జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రిని పేరడీ శాస్త్రి అన్నారు గానీ ఎవరూ దొంగ అనలేదు. చదువుతున్నంతసేపూ రెండో చెవిలో అసలు పద్యం మోగుతూ ఉండాలి, అప్పుడే నవ్వొస్తుంది. మూలాన్ని దాచిపెడితే పేరడీ చచ్చిపోతుంది. దొంగతనానికి సరిగ్గా తలకిందులు.

*

పేరడీ సంగతి ఒప్పుకుంటాను. నా వ్యాసంలోని పల్లవి చిక్కు వేరు. 1957 కాపీరైట్ చట్టం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు నిలుపుతుంది. 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్నాక కూడా "ఇది నా రచన" అని చెప్పుకోవచ్చు. ఇదంతా పేరున్న రచయితకు. నోటి నుంచి నోటికి వచ్చిన పాటకు రచయిత చోట ఎవరూ లేరు. ఖాళీగా ఉందని, నేను రాసిన ఆ పాట విషయంలో 'రచన' అన్న మాట పక్కన చరణాలు రాసినాయన పేరు ఒక్కటే వేసుకున్నారు. "పల్లవి జానపదం" అని రెండు మాటలు చేర్చితే ఆయన చరణాలకు వచ్చే లోటేమీ లేదు, నిజానికి అవి బాగున్నాయి కూడా.

వ్యాసంలో ఆ వాక్యం కలిపి, 'ఎరవు' అని దిద్ది పంపాను. "అచ్చుతప్పు అనుకుంటారండీ" అని జవాబు వచ్చింది.