బావ డల్లాస్ నుంచి వస్తుండు, పీఎస్5 డిస్కులు అక్కడ కొనిపియ్యాల్నా ఇక్కడనే కొనాల్నా?

మియాపూర్_లాస్ట్‌మెట్రో

అన్నలూ జర హెల్ప్ కావాలె. మా బావ వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తుండు. అక్క ఫోన్ చేసి ఏం తెమ్మంటవ్ రా అని అడిగింది, ఇన్నేళ్ళల్ల చాక్లెట్లు తప్ప ఏం అడగలే కాబట్టి ఈసారి పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ మెషీన్), దాంతోటి ఒక నాలుగు గేమ్ డిస్కులు అని చెప్దామనుకుంటున్న (పైసలు నేనే ఇస్త, ఫ్రీగ కాదు). ఆఫీస్‌ల ఒకాయన ఏమో అమెరికాల కొంటే మస్తు చీప్ అంటుండు, ఇంకొకాయన ఏమో ఆ డిస్కులు ఇక్కడ నడవయి అంటుండు, ఎవరి మాట నమ్మాల్నో అర్థమైతలేదు. నా దగ్గర పీఎస్4 ఉంది, 2018 నుంచి ఒకటే ఇండియా అకౌంట్, ట్రోఫీలు అన్నీ దాంట్లనే ఉన్నయి, అది మాత్రం పోవద్దు. ఇంకోటి, ఇండియా వెర్షన్ల రక్తం గిట్ల, కొన్ని సీన్లు గిట్ల కట్ చేస్తరంట నిజమేనా? అట్లయితే ఫుల్ గేమ్ కోసమన్న అక్కడిది తీస్కోవాలె కదా. కరెంట్ సంగతి కూడా చెప్పుండ్రి, అక్కడ 110 వోల్టులు కదా.

నిజాంపేట్_నైట్‌షిఫ్ట్

బ్రో ముందు నీ చివరి డౌట్ తీర్చేస్తా, కరెంట్ గురించి భయపడకు. పీఎస్5 లోపలి పవర్ సప్లై 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, స్టెబిలైజర్ అక్కర్లేదు. కేబుల్ కూడా పాత టేప్ రికార్డర్లకి ఉండేలాంటి ఎనిమిది అంకె ఆకారం పిన్నుది, ఇక్కడి కేబుల్ ఒకటి కొని పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు డబ్బుల సంగతి, కాగితం మీద లెక్క వేద్దాం. అమెరికాలో 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచారు, డిస్క్ మోడల్ 549.99 డాలర్లు అయింది. అక్కడ బోర్డు మీద రాసిన రేటులో ట్యాక్స్ ఉండదు, బిల్లు కట్టేటప్పుడు కలుపుతారు, డల్లాస్‌లో అది 8.25 శాతం. అంటే 595 డాలర్లు. డాలర్‌కి 88 రూపాయలు వేసుకున్నా 52 వేల 400 దాకా పడుతుంది. ఇక్కడ అప్పటికి డిస్క్ ఉన్న స్లిమ్ మోడల్ 54,990 ఉండేది, పండగ ఆఫర్లలో దాని మీద 5 వేలు తగ్గిన సందర్భాలు కూడా ఉన్నాయి. అంటే మామూలు రోజుల్లో నీకు మిగిలేది 2,600, డాలర్ పెరిగితే అదీ ఉండదు. దానికోసం ఇండియా వారంటీ వదులుకోవాలి, పైగా మీ బావ అంత డబ్బా సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్ళ ముందు నుంచి నడవాలి. అక్క పెట్టే పచ్చళ్ళకి తిరుగు ప్రయాణంలో ఎలాగూ ప్లేస్ కావాలి, కానీ వచ్చేటప్పుడు ఆయన మీద ఈ బరువెందుకు చెప్పు.

డిస్కుల దగ్గరైతే అసలు ఉల్టా. పీఎస్5 కొత్తలో డీమన్స్ సోల్స్ అనే గేమ్ అక్కడ 69.99 డాలర్లు, ఇక్కడ 4,999. అదే డల్లాస్ ట్యాక్స్ కలిపితే 75.76 డాలర్లు, మన లెక్కలో 6,660 పైన. ఒక్కో డిస్క్ మీద 1,660 ఎక్కువ, నాలుగు డిస్కులకి 6,600 పైనే నష్టం. కన్సోల్ మీద మిగిలిన 2,600 పోగా ఇంకో 4 వేలు నీ చేతి నుంచే పడతాయి. మీ ఆఫీసాయన చీప్ అన్నది ఎప్పటి సంగతో గానీ ఈ లెక్క ఆయనకి చూపించు.

నడవడం వరకు అయితే నడుస్తాయి, పీఎస్4, పీఎస్5 గేమ్ డిస్కులకి రీజియన్ లాక్ లేదు, అంటే ఏ ప్రాంతం డిస్క్ ఆ ప్రాంతం మెషీన్‌లోనే నడవాలనే తాళం లేదు. సినిమా డిస్కులకి ఉంది, అది వేరే సంగతి: అమెరికా మెషీన్ బ్లూరే సినిమా డిస్కుల్లో 'A' రీజియన్ వాటినే చదువుతుంది, ఇండియా 'C' రీజియన్. ఇంట్లో బ్లూరేలు ఉంటే చూసుకో.

అసలు దెబ్బ తగిలేది డీఎల్‌సీ దగ్గర, అంటే మెయిన్ గేమ్‌కి తర్వాత విడిగా కొని ఎక్కించుకునే అదనపు భాగం. నాకు తగిలింది కాబట్టి వివరంగా చెప్తున్నా. విచర్ 3 సెకండ్ హ్యాండ్ డిస్క్ అమీర్‌పేట్ వైపు ఒక చిన్న షాపులో తీసుకున్నా, ఇండియాదే అన్నా అని చెప్పి ఇచ్చాడు, మెయిన్ గేమ్ రెండు నెలలు హాయిగా ఆడా, ఆ తర్వాత నా ఇండియా అకౌంట్‌లో బ్లడ్ అండ్ వైన్ అనే దాని డీఎల్‌సీ కొని డౌన్‌లోడ్ చేస్తే గేమ్ దాన్ని గుర్తే పట్టదు. రాత్రంతా డిలీట్ చేసి మళ్ళీ ఎక్కించి, లైసెన్సులు రీస్టోర్ చేసి, ఏది చేసినా అంతే. తెల్లారి డబ్బా చూస్తే అది అమెరికా డిస్క్. డీఎల్‌సీ ఏ దేశం స్టోర్‌లో కొంటే ఆ రీజియన్ గేమ్‌కే అతుక్కుంటుంది. మన ఇండియా స్టోర్ యూరప్ గుంపులో ఉంటుంది, అమెరికాది వేరే గుంపు. సేవ్ ఫైళ్ళు కూడా అంతే, అమెరికా వెర్షన్‌లో ఆడిన సేవ్ యూరప్ వెర్షన్‌లోకి రాలేదు, అరవై గంటల ఆట మళ్ళీ మొదటి నుంచి ఆడాల్సొచ్చింది. డబ్బు కన్నా ఆ అరవై గంటలు ఎక్కువ బాధ పెట్టాయి నన్ను.

కొనేముందు డబ్బా ముందు వైపు కింద మూల చూడు. నలుపు తెలుపులో ఒక అక్షరం ఉంటే ఈఎస్‌ఆర్‌బీ అనే వయసు రేటింగ్ గుర్తు, అమెరికాది. రంగు చదరంలో 12, 16, 18 అని అంకె ఉంటే పెగీ, యూరప్‌ది, నీ అకౌంట్‌కి సరిపోయేది ఎక్కువగా అదే. సెకండ్ హ్యాండ్ అయితే ఫోటోలో ఈ మూల కనపడేలా అడగండి ఎవరైనా సరే.

ప్యారడైజ్_పాతకాపు

పైన తమ్ముడు రేట్లు, డీఎల్‌సీలు మంచిగ చెప్పిండు, నేను కట్ చేసే సంగతి చెప్త, ఎందుకంటే ఇది నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న ముచ్చట.

మేము చిన్నగున్నప్పుడు టీవీ గేమ్‌ల క్యాసెట్ పెట్టి కాంట్రా ఆడినం కదా, ఆ గేమ్ యూరప్‌ల ఆ పేరుతోనే రాలే. అక్కడ 1990ల ప్రోబోటెక్టర్ అని వచ్చింది, మనుషుల బదులు రోబోలు పెట్టిండ్రు, ఎందుకంటే జర్మనీల మనుషులను కాల్చే గేమ్‌లకు రూల్స్ గట్టిగ ఉండె. అదే గేమ్ జపాన్ క్యాసెట్ల స్టేజీల నడుమ మ్యాపు, కథ బొమ్మలు, మంచు పడేది కూడ ఉంటది, అమెరికా క్యాసెట్ల అవి తీసేసిండ్రు. ఒకటే ఆట, మూడు జాగల మూడు తీర్లు. పైగ అప్పట్ల యూరప్ టీవీలు సెకనుకు 50 ఫ్రేములు, అమెరికా, జపాన్ టీవీలు 60, సరిగ్గ మార్చకుండ పంపిన గేమ్‌లు అక్కడ ఆరో వంతు స్లోగ నడిచేటియి, పాట కూడ సాగుకుంట వచ్చేది. అక్కడి పోరగాళ్ళు అదే అసలు స్పీడ్ అనుకొని పెరిగిండ్రు. నాకైతే అది తల్సుకుంటె ఇప్పటికీ పానం చివుక్కుమంటది.

మన సంగతికొస్తే, 2008 అక్టోబర్‌ల ఫాల్అవుట్ 3 ఎక్స్‌బాక్స్ 360 వెర్షన్ ఇండియాల రిలీజ్ చేస్తలేమని చెప్పేసిండ్రు. సాంస్కృతిక సున్నితత్వం అన్నరు, అంతకన్న వివరం ఇయ్యలే. దాంట్ల రెండు తలల ఆవు ఉంటది, దాన్ని బ్రాహ్మిన్ అని పిలుస్తరు, అందుకే అయ్యుంటదని జనాలు అనుకున్నరు. అప్పుడు నేను వారానికోసారి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపులకు పోయి వచ్చిందా అన్నా, వచ్చిందా అన్నా అని అడుగుతుంటి.

మన దగ్గర సినిమాకు సెన్సార్ బోర్డు ఉన్నట్టు గేమ్‌లకు సర్కారు బోర్డు లేదు. అందుకే మన కోసమే కూర్చొని కట్ చేసేది తక్కువ, మనకు ఏ గుంపు డిస్క్ పంపితే దాని కట్ మనకొస్తది. సౌత్ పార్క్ స్టిక్ ఆఫ్ ట్రూత్ 2014ల యూరప్ కన్సోల్ వెర్షన్ల కొన్ని సీన్లు తీసేసి ఆ జాగల బొమ్మ పెట్టిండ్రు, అమెరికా వెర్షన్ల అవి ఉన్నయి. జర్మనీల వుల్ఫెన్‌స్టైన్ 2 అయితే 2017ల స్వస్తిక గుర్తులు తీసేసిండ్రు, హిట్లర్ మీసాలు కూడ గీకేసిండ్రు. ఆ మరుసటేడు 2018 ఆగస్టుల అక్కడి రేటింగ్ బోర్డు మాట మార్చింది, గేమ్‌ను బట్టి చూసి ఒప్పుకుంటమని. జపాన్, జర్మనీలల 2009 మోడర్న్ వార్‌ఫేర్ 2 ఎయిర్‌పోర్ట్ మిషన్ల మామూలు జనాన్ని కాలిస్తే గేమ్ ఓవర్, మిగతా చోట్ల కాదు. రక్తం రంగు సంగతి మన దేశంల అందరికి తెల్సింది బీజీఎంఐ, 2021 జులైల వచ్చినప్పుడే ఆకుపచ్చ రక్తం, 18 ఏండ్లలోపు పిల్లలకు రోజుకు 3 గంటలే. అది మొబైల్ గేమ్, నీ పీఎస్5కు సంబంధం లేదు.

అంటే నువ్వు కొనే నాలుగు గేమ్‌ల పేర్లు చెప్తే ఒక్కొక్కటి చూసి చెప్పొచ్చు, అన్నిటికి ఒకటే జవాబు లేదు. తారీకుల తేడా అయితే ఇప్పుడు బాగ తగ్గింది. పీఎస్5 అమెరికాల 2020 నవంబర్ 12న వస్తే మనకు 2021 ఫిబ్రవరి 2న, 82 రోజులు మేము వీడియోలు చూసుకుంట కూసున్నం. అదే ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మనకు కూడ వాళ్ళతోపాటు నవంబర్ 10నే వచ్చింది. చేయాలనుకుంటె చేయొచ్చని అప్పుడే తేలిపాయె.

ఉప్పల్_స్టీమ్‌సేల్

నేను పీసీ మనిషిని, కానీ ఇది చదివేవాళ్ళలో పీసీ వాళ్ళు కూడా ఉంటారు కాబట్టి రెండు ముక్కలు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో 2015 నవంబర్ నుంచి రూపాయల్లో రేట్లు ఉన్నాయి, యూపీఐతో కట్టొచ్చు. బాల్డర్స్ గేట్ 3 అమెరికాలో 59.99 డాలర్లు, మనకి 2,999, అంటే దాదాపు సగం. అందుకని అమెరికాలో ఉన్న కజిన్స్ నువ్వు కొని గిఫ్ట్ పంపు రా అని అడుగుతారు, రెండు దేశాల రేట్ల మధ్య తేడా ఎక్కువుంటే ఆ గిఫ్ట్ వెళ్ళదు, వాళ్ళకి ముందే చెప్పేయండి. వీపీఎన్ పెట్టి ఇంకా చీప్ దేశం నుంచి కొనే పని మాత్రం దయచేసి ఎవరూ చేయొద్దు, అది స్టీమ్ అగ్రిమెంట్‌కి విరుద్ధం, పదేళ్ళ లైబ్రరీని నాలుగొందల కోసం పణంగా పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఒకప్పుడు అందరూ అర్జెంటీనా, టర్కీ అనేవాళ్ళు, 2023 నవంబర్‌లో ఆ రెండు దేశాలకీ స్టీమ్ సొంత కరెన్సీ తీసేసి డాలర్ రేట్లు పెట్టింది. బయటివాళ్ళు అలా కొనుక్కోవడం కూడా దీనికి తోడైందని నా అభిప్రాయం, చివరికి అక్కడ నిజంగా బతికే పిల్లలకి గేమ్‌లు అందకుండా పోయాయి.

రిలీజ్ టైమ్ గురించి ఒక మాట. చాలా గేమ్‌లు కన్సోల్‌లో మన రాత్రి 12కే ఓపెన్ అవుతాయి, పీసీలో ప్రపంచమంతా ఒకే క్షణంలో. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరి 25న పీఎస్ వాళ్ళు అర్ధరాత్రే మొదలుపెడితే మేం పీసీ వాళ్ళం తెల్లవారి నాలుగున్నర దాకా కూర్చున్నాం.

మియాపూర్_లాస్ట్‌మెట్రో

అన్నలూ మస్తు థ్యాంక్స్, నిజాంపేట్ అన్న లెక్క అక్కకు పంపిన, బావ కూడ చూసి కరెక్టే అన్నడట. పీఎస్5 ఇక్కడనే తీస్కుంట. ఒకటే ఇంకో డౌట్, మా మేనకోడలుకు నింటెండో స్విచ్ 2 కావాలంట, అది ఇండియాల అఫీషియల్‌గ దొరకదు కదా, దాన్నన్న బావను తెమ్మనాల్నా? మా ఫ్రెండ్ ఒకడు టోక్యోల ఉంటడు, అక్కడ ఇంకా చీప్ అంటుండు.

హబ్సిగూడ_అక్క

తమ్ముడూ ఆగు, టోక్యో నుంచి తెప్పించకు. నేను మా బాబుకి కొనేముందు ఇదంతా చదివా. జపాన్‌లో స్విచ్ 2 రెండు రకాలు అమ్ముతారు, రిలీజ్ అప్పుడు 49,980 యెన్‌లు ఉన్నది జపనీస్ భాష ఒక్కటే, జపాన్ దేశం పెట్టిన అకౌంట్లే అందులో పనిచేస్తాయి. అన్ని భాషలదీ అప్పుడు 69,980 యెన్‌లు. నీ ఫ్రెండ్ చీప్ అనేది మొదటిది, పాప దాన్ని తెరిస్తే మెనూ మొత్తం జపనీస్. అమెరికాలో రిలీజ్ అప్పుడు 449.99 డాలర్లు, అది అన్ని భాషలదే, మీ బావని అదే తెమ్మను, చిన్న డబ్బా కూడా. గేమ్ కార్డులు ఏ దేశంవైనా దాంట్లో నడుస్తాయి. మనకి ఇండియా ఈషాప్ (నింటెండో ఆన్‌లైన్ షాప్) లేదు కాబట్టి అకౌంట్ దేశం అమెరికా పెట్టుకుని, ఈషాప్ గిఫ్ట్ కార్డు ఒకటి మీ బావనే కొనివ్వమను. ఇక్కడ వారంటీ ఉండదు, స్క్రీన్ గార్డ్ మాత్రం మొదటి రోజే వేయించు.

మియాపూర్_లాస్ట్‌మెట్రో

సరే అక్కా, బావకు స్విచ్ ఒక్కటే చెప్తున్న. పెగీ డబ్బా ఫోటో రేపు షాప్‌కు పోయినంక ఇక్కడ పెడత, నిజాంపేట్ అన్నా ఒకసారి చూసి చెప్పు, ఆ తర్వాతనే పైసలు కడత.